ఒకటే మాయ

విక్టోరియా ఆస్పత్రి అంటే విశాఖలో ఆటోవాళ్లు కాస్త ఆలోచిస్తారు. ఘోషాసుపత్రి అనాలి. అక్కడ కాన్పుల గదిలో నర్సుగా పనిచేసిన రోజుల్లో ఓ మార్చి చివర కవలలు పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలే. ఒకర్తి రెండున్నర కిలోలు, రెండోది కిలో ఆరొందలు. తూకం చూసిన అత్తగారు నన్ను వరండాలోకి పిలిచింది.

"నర్సమ్మా, మా గుంటడు ఆగస్టులో వెరావల్ ఎల్లిపోనాడు. ఈ సిన్నది ఆడెల్లిపోయాక నిలిసిందేటి?"

బోట్ల పనికి గుజరాత్ వెళ్లిన మన మత్స్యకారులు నెలల తరబడి ఇల్లు చూడరు. ఆ తొమ్మిది వందల గ్రాముల తేడా కోడలి మెడకు చుట్టుకునేలా ఉంది.

కడుపుతో ఉండగా మళ్లీ కడుపు రావడం ఉత్త పుకారేం కాదు. డాక్టర్లు సూపర్‌ఫీటేషన్ అంటారు. అరిస్టాటిల్ కూడా దీని గురించి రాశాడు. యూరప్ చెవులపిల్లి ఈనడానికి కొద్దిరోజుల ముందే మళ్లీ చూలు కట్టగలదని బెర్లిన్ శాస్త్రవేత్తలు 2010లో రుజువు చేశారు. మనుషుల్లో మాత్రం వైద్య పత్రికలకెక్కినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. 2020లో కవలల్ని కన్న ఓ ఇంగ్లండు తల్లికి పన్నెండో వారం స్కానింగులో రెండో బిడ్డ మూడు వారాలు వెనకబడి కనిపించింది. ఆమె గర్భం కోసం మందులు వాడింది.

మామూలుగా గర్భం నిలిచాక ప్రొజెస్టెరాన్ హార్మోను కొత్త అండాన్ని విడుదల కానివ్వదు. గర్భాశయ ముఖద్వారంలో చిక్కటి జిగురు బిరడాలా బిగుసుకుంటుంది. ఒకవేళ పిండం ఏర్పడినా, అంటుకోవడానికి లోపలి పొర అనువుగా ఉండదు. మూడు తాళాలూ ఒక్కసారే ఊడాలి. పైగా ఆ వేళకు మొగుడు ఊళ్లో ఉండాలి!

ముసలమ్మకు ఇదంతా చెప్పలేదు. ట్రేలో మాయ చూపించాను. డాక్టరమ్మ అప్పటికే పరీక్ష చేసింది. ఒకటే మాయ, రెండు బొడ్డుతాళ్లు, సంచుల మధ్య పల్చటి పొర. అంటే ఒకే అండం రెండైంది. ఇద్దరూ ఒకేసారి నిలిచినవాళ్లు. చిన్నదాని తాడు మాయ అంచున అతుక్కుంది, దాని వంతుకు కొంచెమే వచ్చింది. రెండు మాయలున్నా సరే, పుట్టిన బరువు చూసి ఎప్పుడు నిలిచిందో చెప్పలేం. దానికి తొలినెలల స్కానింగు కావాలి.

"అంటే వాటాలు సమంగా పడనేదన్నమాట," అంది. ఒడ్డున చేపలు పంచిన చెయ్యి కదా, నాకంటే బాగా చెప్పింది.

తర్వాత ఆ మాయను ఇచ్చేయమంది, ఇంటిదగ్గర పూడుస్తుందట. కుదరదు, పసుపు సంచిలో వెయ్యాలన్నాను. దానిమీద ఇంకాసేపు పోట్లాడింది.