వెళ్ళేవాళ్ళు వెళ్ళాక మిగిలినవాళ్ళ లెక్క

“మొదటి నెల ఉచితం, ఆ తర్వాత మూడు నెలలు సగం ధర. ఇలా పంచిపెడితే ఆ ఓటీటీ కంపెనీకి మిగిలేదేమిటండీ?” అని తెనాలి నుంచి ఒక పాఠకుడు రాశారు. రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ జవాబు వెనకున్న గణితం ఎంత అందమైనదంటే, దాన్ని చెప్పకుండా దాటిపోవడం నావల్ల కాదు.

ముందు ఆ రెండు ముక్కలు. ఒక కొత్త చందాదారుని రప్పించడానికి ప్రకటనలకీ తగ్గింపులకీ అయ్యే ఖర్చును వ్యాపారులు క్యాక్ అంటారు. ఆ మనిషి ఉన్నన్నాళ్ళూ కంపెనీకి మిగిల్చే మొత్తం ఎల్‌టీవీ. రెండోది మొదటిదాన్ని బాగా దాటాలి. నెలకి నూటికి ఎందరు మానేస్తున్నారో ఆ శాతం పేరు చర్న్. నెలవారీ మిగులును చర్న్‌తో భాగిస్తే ఎల్‌టీవీ వస్తుందని వ్యాపార పాఠాలు చెబుతాయి. తిరకాసంతా ఆ భాగహారంలోనే ఉంది.

వెయ్యిమంది ఒకే నెలలో చేరారనుకోండి. వాళ్ళలో 500 మంది నిలకడ మనుషులు, నెలకి నూటికి ఐదుగురే మానేస్తారు. మిగతా 500 మంది చపలచిత్తులు, నెలకి నూటికి నలభైమంది పోతారు. ఎవరు ఏ రకమో మొహాన రాసి ఉండదు. మొదటి నెల పోయేది 25 మంది, 200 మంది, వెరసి 225. చర్న్ 22.5 శాతం. రెండో నెల, మిగిలిన 775 మందిలో 144 మంది పోతారు, అంటే 18.5 శాతం. మూడో నెల 15. ఆరు నెలలు గడిచేసరికి ఏడు శాతానికి దిగుతుంది, ఏడాదికి ఐదు దగ్గర నిలుస్తుంది.

చర్న్ ఇలా దిగడం చూసి “వాడేకొద్దీ జనం మనకి అలవాటుపడుతున్నారు” అని కంపెనీవాళ్ళు సంబరపడతారు. మన లెక్కలో ఏ ఒక్కరి మనసూ ఇసుమంత మారలేదే! నలభై శాతంవాళ్ళు నలభైగానే ఉన్నారు, ఐదు శాతంవాళ్ళు ఐదుగానే ఉన్నారు. కాలం జల్లెడ పట్టింది, అంతే. ఏడాది తిరిగేసరికి నిలకడ మనుషులు 270 మంది మిగిలితే, చపలచిత్తుల్లో మిగిలింది ఒక్కరు.

ఈ మాయలో మొదట పడింది వ్యాపారులు కారు. బోయింగ్ 720 విమానాల్లో ఏసీ పరికరాలు ఎంతెంత కాలానికి చెడిపోతున్నాయో కలిపి చూస్తే, పాతబడేకొద్దీ అవి గట్టిపడుతున్నట్టు కనిపించింది. యంత్రం వాడగా వాడగా బాగుపడటమేమిటి? 1963లో ఫ్రాంక్ ప్రోషన్ అనే గణాంకవేత్త ముడి విప్పాడు. ఏ విమానానికావిమానాన్ని విడిగా చూస్తే చెడిపోయే రేటు మారడం లేదు. ఒక్కో విమానానిది ఒక్కో రేటు. అన్నిటినీ ఒకే కుప్పలో పోయడం వల్లే ఆ తగ్గుదల. ఈ చిన్న పరిశోధనా పత్రం నాకు ఎప్పుడూ ప్రాణం.

ఇప్పుడు డబ్బు సంగతి. మనిషికి నెలకి 100 రూపాయలు మిగులుతాయనుకుందాం, వడ్డీ గొడవ వదిలేద్దాం. మొదటి నెల చర్న్‌తో భాగిస్తే ఎల్‌టీవీ 444 రూపాయలు. ఏడాది తర్వాతి చర్న్‌తో భాగిస్తే 2,000 దాకా పోతుంది. రెండూ తప్పే. నిలకడ మనుషులు సగటున 20 నెలలుంటారు, చపలచిత్తులు రెండున్నర నెలలు. అందరి సగటు 11.25 నెలలు, అంటే 1,125 రూపాయలు. మొదటి అంకె నమ్మినవాడు 600 క్యాక్‌కి జంకి, నిక్షేపంలాంటి వ్యాపారం వదులుకుంటాడు. రెండోది నమ్మినవాడు 1,500 పోసి మునుగుతాడు. సగటు చేసి భాగించడం వేరు, భాగించి సగటు చేయడం వేరు. ఈ తేడా ఎటు మొగ్గుతుందో 1906లో సూత్రీకరించిన యోహాన్ జెన్‌సెన్ గణితాన్ని తీరిక వేళల్లో చేసుకున్నవాడు. ఉద్యోగం కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో. అదీ చందాల వ్యాపారమే!

ఉచిత నెల గుట్టు కూడా ఇక్కడే ఉంది. తగ్గింపు ఎంత పెద్దదైతే వచ్చే గుంపులో చపలచిత్తుల పాలు అంత పెరగవచ్చు. క్యాక్ తగ్గిందని మురిసేలోపు ఎల్‌టీవీ కూడా కిందికి జారుతుంది. ఈ రెంటినీ విడివిడి అంకెలుగా చూసి, “ఎల్‌టీవీ క్యాక్‌కి మూడింతలుంటే చాలు” అని బండసూత్రం చెప్పేవాళ్ళంటే నాకు విసుగు. మూడింతలు ఎవరి మీద? పోయినేడు చేరినవాళ్ళ మీదా, నిన్న చేరినవాళ్ళ మీదా?

పాతవాళ్ళనీ కొత్తవాళ్ళనీ ఒకే కుప్పలో పోస్తే ఏమవుతుందో చూడండి. వంటకి కావలసిన సరుకులు కొలిచి, పెట్టెలో సర్ది ఇంటికి పంపే అమెరికా కంపెనీ బ్లూ ఏప్రన్ 2017 జూన్‌లో వాటాలు అమ్మింది. మనిషికి క్యాక్ 94 డాలర్లని పత్రాల్లో చూపింది. అది 2014 నుంచి పెట్టిన ఖర్చంతటినీ వచ్చినవాళ్ళందరితో భాగించిన సగటు. చవకగా దొరికిన పాతవాళ్ళ నీడలో, ఖరీదుకి దొరికిన కొత్తవాళ్ళు కనబడకుండా పోయారు. డేనియల్ మెకార్తీ అనే అధ్యాపకుడు ఆ పత్రాల్లోని అంకెలనే తిరగేసి, క్యాక్ పెరుగుతోందనీ, ఎక్కువమంది ఆరు నెలలు తిరక్కుండానే మానేస్తున్నారనీ అప్పుడే లెక్కగట్టాడు. వాటాల అమ్మకం నాడు దాదాపు 190 కోట్ల డాలర్లు పలికిన కంపెనీని 2023లో వండర్ గ్రూప్ 10.3 కోట్లకి కొనుక్కుంది.

మరి సరైన లెక్క ఎలా? 2007లో పీటర్ ఫేడర్, బ్రూస్ హార్డీ ఒక పత్రంలో చూపించారు. చందాదారులు ఏటికేడు ఎలా తగ్గారో, ఆ అంకెలకి మామూలు గీతలు అతికించి చూశారు. ఉన్న ఏళ్ళకి చక్కగా అతికాయి. ముందుకు పొడిగిస్తే సరళరేఖ సున్నా కిందికి దిగింది. వర్గసమీకరణం గీత పైకి లేచి, మానేసినవాళ్ళని వెనక్కి తెచ్చింది! మనుషులు రకరకాలన్న ఒక్క సంగతిని బీటా విభాజనంగా, అంటే ఎవరి మానేసే రేటు ఎంతో ఆ తేడాలు ఎలా పరుచుకున్నాయో చెప్పే గణిత రూపంగా కలిపితే చాలు, రెండే రెండు అంకెలతో తర్వాతి ఏళ్ళ అంచనాలు నిజానికి దగ్గరగా వచ్చాయి.

పాల చందాలు నడిపేవారైనా, ట్యూషన్ యాప్ పెట్టినవారైనా చేరిన నెలను బట్టి విడి పేజీలు పెట్టుకోవాలి. జనవరిలో చేరినవాళ్ళలో ఫిబ్రవరికి ఎందరు, మార్చికి ఎందరు అని రాసుకోవాలి. మిగతా పనికి పెద్ద సాఫ్ట్‌వేరేమీ అక్కర్లేదు. ఎక్సెల్ షీటులో ఎలా చేయాలో ఫేడర్, హార్డీలు ఆ పత్రంలోనే మెట్టుమెట్టుగా చూపించారు.