కారు కదలకపోయినా పాతబడే బ్రేక్ ఆయిల్

పెడల్ మీద కాలు వేసిన ఒత్తిడిని నాలుగు చక్రాల బ్రేకులకు చేరవేసేది బ్రేక్ ఆయిల్. ద్రవం నొక్కితే కుదించుకుపోదు కనుక, మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన ఒత్తిడి సన్నటి గొట్టాల గుండా చక్రం దాకా వెళ్తుంది. డిస్కును ప్యాడ్లు పట్టుకున్నప్పుడు పుట్టే వేడి కూడా ఈ ద్రవానికే తగులుతుంది. అంత వేడికీ అది మరగకూడదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలు కార్ల బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతి రసాయనం, తేమను పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాల గోడల నుంచి, కారులో ఈ ఆయిల్ ఉండే డబ్బా మూత సందుల నుంచి తేమ కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 రకం ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత 230 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 3కైతే ఈ అంకెలు 205, 140. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే కుదించుకుపోతుంది కాబట్టి పెడల్ అడుగుదాకా పోతుంది, బండి మాత్రం ఆగదు.

ఉదాహరణకు, నిడమనూరు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని ఊరు. ఇక్కడి నుంచి మిర్యాలగూడకో హాలియాకో వెళ్లొచ్చే కారులో బ్రేకులు అంతగా వేడెక్కవు కనుక పాత ఆయిల్ లోపం బయటపడదు. అదే కారు ఇంటిల్లిపాదితో శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు, మలుపు మలుపుకీ బ్రేక్ పడుతున్నప్పుడు తేడా తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకే కిలోమీటర్లతో పాటు కాలాన్నీ లెక్కపెట్టాలి. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. ఎక్కువకాలం ఇంటి ముందే నిలిపి ఉంచే కారుకూ ఇది వర్తిస్తుంది.

ఏ రకం వాడాలో డబ్బా మూత మీద, కారు పుస్తకంలో ఉంటుంది. డాట్ 3 చెప్పిన కారులో సాధారణంగా డాట్ 4 వేయవచ్చు, డాట్ 4 చెప్పినచోట డాట్ 3 మాత్రం వేయకూడదు. డాట్ 5.1 కూడా గ్లైకాల్ రకమే. డాట్ 5 సిలికోన్‌తో చేసినది, మిగతావాటితో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ పొరపాటున పడితే రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, చాలా భాగాలు మార్చాల్సి వస్తుంది. సీలు తీయని చిన్న డబ్బా కొనడమే మంచిది. ఎప్పుడో తెరిచి సగం వాడిన డబ్బా అప్పటికే తేమ పీల్చుకుని ఉంటుంది.

కారులోని డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గగానే పైన పోసేస్తే పని అయిపోయినట్టు కాదు. ప్యాడ్లు అరిగే కొద్దీ మట్టం మెల్లగా దిగుతుంది కనుక ముందు వాటిని చూడాలి. ఉన్నట్టుండి తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే, అప్పుడు బండి తీయకూడదు.

పెడల్ నొక్కుతూ ఆయిల్ మార్చే పనికి ఇద్దరుండాలి. డబ్బాలోని పాత ఆయిల్ లాగేసి కొత్తది నింపుతారు. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే, రెండోవారు చక్రం దగ్గరి నిపుల్ వదులు చేసి పాత ఆయిల్ సన్నటి ట్యూబు గుండా సీసాలోకి పోనిచ్చి, మళ్లీ బిగిస్తారు. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి, లేకుంటే గాలి లోపలికి పోతుంది. తేటగా, బుడగలు లేకుండా వచ్చేదాకా ఇలా చేస్తారు. ఏ చక్రంతో మొదలుపెట్టాలో కారు పుస్తకం చెప్పిన వరసే పాటించాలి. మధ్యలో డబ్బా ఖాళీ కానివ్వకూడదు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే తీయడానికి కొన్ని కార్లలో స్కానర్ కావాల్సి వస్తుంది. ఈ ద్రవం రంగును తినేస్తుంది కాబట్టి బాడీ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

పని అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా ఉందో లేదో చూసుకుని, ఖాళీ దారిలో నెమ్మదిగా నడిపి బ్రేక్ వేసి చూడాలి. తీసిన ఆయిల్‌ను కాలువలోనో పొలం గట్టునో పారబోయకుండా, మూత బిగించిన సీసాలో వర్క్‌షాపుకు అప్పగించాలి.