గోడ ఎక్కే ఆట: సింగపూర్‌లో ఎక్కడ, ఎంతకు, ఎలా?

సింగపూర్‌లో ఎత్తయిన బిల్డింగులకు కొదవ లేదు. వాటిని కట్టే పనిలో మనవాళ్లూ తక్కువేం లేరు. వారానికి ఆరు రోజులు పరంజాల మీద, నిచ్చెనల మీదే గడుస్తుంది. అలాంటిది ఆదివారం నాడు జేబులోంచి డబ్బులు పెట్టి మళ్లీ గోడ ఎక్కడమేమిటని ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ ఈ ఊళ్లో ఆఫీసు కుర్రాళ్లు, కాలేజీ అమ్మాయిలు, పిల్లల్ని వెంటేసుకుని వచ్చే తల్లిదండ్రులు అందరూ ఇష్టపడే ఆట ఇది. దీన్నే ఇండోర్ రాక్ క్లైంబింగ్ అంటారు. కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా పనిచేసే నేను కూడా కొంతకాలంగా నెలకోసారి వెళ్తున్నాను. ఎత్తులో పనిచేసే మనలాంటి వాళ్లు ఇక్కడ నేర్చుకోవాల్సినవి ఉన్నాయి. ఇక్కడే వదిలేసి రావాల్సినవి కూడా ఉన్నాయి.

కొండ లేని ఊళ్లో కొండ

సింగపూర్‌లో అన్నిటికన్నా ఎత్తయిన గుట్ట బుకిట్ తిమా. దాని ఎత్తు 163 మీటర్లే. పైగా ఎప్పుడు ఎండ కాస్తుందో, ఎప్పుడు వాన దంచుతుందో తెలియదు. అందుకే ఇక్కడివాళ్లు కొండను ఇంట్లోకే తెచ్చుకున్నారు. స్టీలు ఫ్రేముకు ప్లైవుడ్ బిగించి, దాని మీద రంగురంగుల ప్లాస్టిక్ పట్లు బోల్టులతో బిగిస్తారు. కొన్ని వారాలకోసారి వాటిని విప్పి దారులు మారుస్తారు. కాబట్టి ఎన్నిసార్లు వెళ్లినా కొత్తగానే ఉంటుంది.

ఈ ఆలోచన పాతదే. ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో 1964లో డాన్ రాబిన్సన్ అనే లెక్చరర్ కారిడార్ గోడలోనే రాతి ముక్కలు పొదిగించి ఎక్కే గోడ తయారుచేశాడు. అక్కడి నుంచి ఈ ఆట పెరిగి పెరిగి టోక్యో ఒలింపిక్స్‌ దాకా వెళ్లింది. 2021లో జరిగిన ఆ పోటీల్లో తొలిసారి దీనికి పతకాలిచ్చారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇండోనేషియాకు చెందిన వెడ్రిక్ లియోనార్డో 15 మీటర్ల గోడను 4.75 సెకన్లలో ఎక్కి బంగారు పతకం కొట్టాడు. అంటే సుమారు అయిదంతస్తుల ఎత్తు! మన సైటు లిఫ్టు తలుపు మూసుకునేలోపే ఆయన పైకి చేరిపోయాడన్నమాట.

మనకూ దీంతో సంబంధం ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అమ్మాయి మొదటి పాఠాలు నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే.

ఏ రకం ఎంచుకోవాలి?

జిమ్ముకు వెళ్లే ముందు మూడు మాటలు తెలుసుకుంటే చాలు. మొదటిది బౌల్డరింగ్. గోడ నాలుగు, నాలుగున్నర మీటర్లే ఉంటుంది. తాడు ఉండదు, బెల్టు ఉండదు. కింద మందపాటి పరుపులుంటాయి. ఒక్కరే వెళ్లినా ఆడుకోవచ్చు. రెండోది టాప్ రోప్. తాడు పైన తిరిగి కిందికొస్తుంది. ఒక కొస ఎక్కేవాడి నడుముకు, రెండో కొస కింద నిలబడ్డవాడి చేతిలో ఉంటుంది. కింద ఉండి తాడు చూసుకోవడాన్ని బిలే అంటారు. మూడోది ఆటో బిలే. కింద మనిషికి బదులు పైన మెషీన్ ఉంటుంది. అదే తాడు లాక్కుంటుంది, పట్టు జారితే మెల్లగా కిందికి దింపుతుంది.

ఎత్తంటే భయం ఉన్నవాళ్లు టాప్ రోప్‌తో మొదలుపెట్టడం మంచిది. కాకపోతే బిలే చేయాలంటే నేర్చుకుని, జిమ్మువాళ్ల దగ్గర పరీక్ష పాసవ్వాలి. సింగపూర్‌లో దీనికి ఎస్ఎన్‌సీఎస్ అనే కోర్సు ఉంది. మొదటి లెవెల్‌లో టాప్ రోప్ నేర్పుతారు.

ఎక్కడ ఉన్నాయి?

స్టేడియం ఎంఆర్‌టీ పక్కన కల్లాంగ్ వేవ్ మాల్‌లో క్లైంబ్ సెంట్రల్ ఉంది. తాడుతో ఎక్కాలనుకునేవాళ్లకు అది అనువైన చోటు. బౌల్డరింగ్ కావాలంటే బౌల్డర్ మూవ్‌మెంట్, బౌల్డర్ ప్లానెట్, బీఎఫ్ఎఫ్ క్లైంబ్ లాంటివి ఊరంతా శాఖలు పెట్టాయి. మాల్స్‌లోనే వెతకొద్దు. సీలింగ్ ఎత్తుగా ఉంటుందని చాలామంది ఫ్యాక్టరీ బిల్డింగుల్లో పెడతారు. ఫోన్ మ్యాప్‌లో మీ డార్మిటరీ దగ్గర ‘బౌల్డరింగ్’ అని ఒకసారి, ‘క్లైంబింగ్ జిమ్’ అని ఒకసారి వెతకండి. రెండింటికీ వేర్వేరు పేర్లు వస్తాయి.

లీజు అయిపోతే జిమ్ములు చోటు మారుస్తుంటాయి. కాబట్టి బస్సెక్కే ముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. ఆదివారం రేటెంత? మొదటిసారి వచ్చేవాళ్లకు తగ్గింపు ఉందా? బూట్లు, బెల్టు అద్దె అందులోనే కలిసి ఉందా? కొత్తవాళ్లకు చూపించే మనిషి ఉంటాడా?

ఇక ఖర్చు. ఒక రోజు ప్రవేశం సాధారణంగా 20 నుంచి 35 సింగపూర్ డాలర్ల మధ్య ఉంటుంది. బూట్ల అద్దె అదనం. మన రోజు కూలీతో పోలిస్తే ఇది ఎక్కువే, కాదనను. మామూలు రోజుల్లో పగటిపూట రేటు తక్కువ, కానీ అప్పుడు మనం సైటులో ఉంటాం. అందుకే దీన్ని ప్రతి వారం అలవాటు చేసుకోమని చెప్పడం లేదు. రెండు మూడు నెలలకోసారి నలుగురు కలిసి వెళ్లినా చాలు.

సైటు బెల్టు వేరు, జిమ్ము బెల్టు వేరు

మన సైటు హార్నెస్ ఒళ్లంతా పట్టి ఉంటుంది. హుక్ తాడు వీపు వెనక రింగుకు ఉంటుంది. పడితే కుదుపును ఆపే షాక్ అబ్సార్బర్ ఉంటుంది. జిమ్ము బెల్టు నడుముకు, తొడలకు మాత్రమే. ముడి ముందు వైపు వేస్తారు. తాడు కూడా సాగే రకం. ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు. సైటు బెల్టు జిమ్ముకు తీసుకెళ్లొద్దు, జిమ్ములో నేర్చిన ముడిని సైటులో వేయొద్దు.

మరి నేర్చుకునేదేమిటి? చెక్ చేసుకోవడం. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరి బకిల్, ఒకరి ముడి, ఒకరి లాక్ ఇంకొకరు చేత్తో తాకి చూస్తారు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లయినా సరే, ప్రతిసారీ చూడాల్సిందే. ఆటో బిలే దగ్గర జరిగే పెద్ద ప్రమాదాలకు ముఖ్య కారణం మెషీన్ పాడవడం కాదు, హుక్ తగిలించుకోకుండా ఎక్కేయడం. ఈ మాట వింటే మన సైట్లు గుర్తుకురావా? బెల్టు ఒంటి మీదే ఉంటుంది, హుక్ మాత్రం గాల్లో వేలాడుతుంటుంది!

మా సైటులో స్టీల్ ఫిక్సింగ్‌కు వచ్చిన ఒక తమ్ముడికి ఎత్తంటే వణుకు. ఒక ఆదివారం టాప్ రోప్‌కు తీసుకెళ్లాను. మూడు మీటర్లు ఎక్కి గోడకు అతుక్కుపోయి, “అన్నా, తాడు పట్టుకున్నోడు ఇడిసిపెడ్తే?” అన్నాడు. “అందుకే ఎక్కకముందే సూస్కోవాలె” అన్నాను. మెల్లగా దింపించాం. ఆ తర్వాత మళ్లీ ఎక్కాడు. అతని భయం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ ఇప్పుడు సైటులో తన హుక్కే కాదు, పక్కవాడి హుక్ కూడా చూస్తున్నాడు. ఒక సూపర్‌వైజర్‌గా నాకు కావాల్సింది అదే.

ఎక్కే పద్ధతిలో కూడా ఒక కిటుకుంది. కొత్తవాళ్లంతా చేతులతో ఒళ్లు లాక్కుంటారు. పది నిమిషాలకే ముంజేతులు బిగుసుకుపోతాయి. మన ఊళ్లో గీత కార్మికుణ్ని గుర్తు తెచ్చుకోండి. మోకు, ముస్తాదు కట్టుకుని తాటిచెట్టు ఎక్కేటప్పుడు బరువంతా కాళ్ల మీదే వేస్తాడు. ఇక్కడ కూడా అంతే.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. బౌల్డరింగ్‌లో నాలుగు మీటర్ల ఎత్తులో తాడు లేకుండా తిరుగుతాం. ఆ ధైర్యాన్ని సైటుకు తేవద్దు. అక్కడ పరుపులుంటాయి, ఇక్కడ కాంక్రీటు, కడ్డీలు ఉంటాయి. సింగపూర్ రూల్స్ ప్రకారం మూడు మీటర్లకు మించి కిందపడే అవకాశం ఉన్న పనికి పర్మిట్ తప్పనిసరి.

దెబ్బ తగిలితే?

జిమ్ములోకి వెళ్లగానే ఒక కాగితం మీదో, ఫోన్‌లోనో సంతకం తీసుకుంటారు. మీ ఇష్టంతో, మీ బాధ్యత మీద ఆడుతున్నారని దాని అర్థం. ఇంగ్లీషు అర్థం కాకపోతే మెల్లగా చెప్పమని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

పనిలో దెబ్బ తగిలితే వచ్చే నష్టపరిహారం, సెలవు రోజు ఆటలో తగిలిన దెబ్బకు రాదు. వర్క్ పర్మిట్, ఎస్ పాస్ ఉన్నవాళ్లకు కంపెనీ మెడికల్ ఇన్సూరెన్స్ చేయించాలి. 2023 జూలై నుంచి అది ఏడాదికి కనీసం 60,000 డాలర్లు ఉండాలి. కానీ అది ఆస్పత్రిలో చేరినప్పుడు, డే సర్జరీ అయినప్పుడు పనికొచ్చేది. మీ పాలసీలో ఏముందో ముందే ఆఫీసులో కనుక్కోండి.

బౌల్డరింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేవి చీలమండలు, మణికట్లు. పడేటప్పుడు రెండు కాళ్ల మీద పడి, మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లండి. చెయ్యి వెనక్కి ఆనించొద్దు. మణికట్టు విరిగితే నెలల తరబడి కడ్డీ కట్టలేరు, షట్టరింగ్ పట్టలేరు. ఆ నెలల్లో ఇంటికి పంపాల్సిన డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? పైనుంచి దూకకుండా పట్లు పట్టుకుని కిందికి దిగడం అన్నిటికన్నా మంచిది.

శనివారం రాత్రి కాంక్రీటింగ్ చేసి, నిద్ర లేకుండా మాత్రం వెళ్లొద్దు. ఉంగరాలు, మెడలో గొలుసు తీసి రూములోనే పెట్టండి. గోళ్లు కత్తిరించుకోండి. మొదటి రోజు గంటకు మించి ఎక్కొద్దు. అరచేతులు మండటం మొదలైందంటే ఆపేయండి. సోమవారం పొద్దున మళ్లీ ఆ చేతులతోనే పని.