నర్సింగ్ తరగతిలో కులం

మంగళగిరి ఎయిమ్స్ కేంద్ర విద్యాసంస్థ. కనుక ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం సీట్లు దక్కాలి. ప్రవేశపరీక్ష కూడా జాతీయ స్థాయిదే. మిర్చి కోతకు వెళ్లే కూలీ కూతురు, రాజస్థాన్ నుంచి రైలెక్కి వచ్చిన అమ్మాయి ఒకే బెంచీ మీద కూర్చునే అవకాశం అలా ఏర్పడింది. దీన్ని వైవిధ్యమని మెచ్చుకోవడం సులువు. ఆ బెంచీకి పాఠం ఎలా చెప్పాలన్నది వేరే సంగతి.

ఈ వృత్తికి కులంతో లంకె పాతది. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలు, పిల్లల కోసం ఆసుపత్రి తెరిచారు. పరాయి శరీరాన్ని, రక్తాన్ని, మలమూత్రాలను ముట్టుకోవడం మైల అనుకున్న సమాజంలో అగ్రవర్ణ కుటుంబాలు తమ ఆడపిల్లలను నర్సు పనికి పంపలేదు. ఆ పనిని చాలాకాలం మోసింది ప్రధానంగా క్రైస్తవ స్త్రీలు. వారిలో దళితులు ఎందరో. జీతమూ, విదేశీ ఉద్యోగమూ కనిపించాక అన్ని కులాలూ వస్తున్నాయి. మంచిదే. మరి మైల భావన పోయిందా? బెడ్‌పాన్ అందించేటప్పుడు ఎవరు ముందుకొస్తారో, ‘ఆయా చూసుకుంటుందిలే’ అని ఎవరంటారో గమనించని అధ్యాపకురాలు సగం పాఠమే చెప్పినట్టు.

ఢిల్లీ ఎయిమ్స్‌పై థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. అధ్యాపకుల తోడ్పాటు చాలదనీ, వైవా పరీక్షల్లో వివక్ష ఉందనీ, హాస్టల్లో వేరుపడి బతకవలసి వస్తోందనీ దళిత, ఆదివాసీ విద్యార్థులు అందులో చెప్పుకున్నారు. మంగళగిరిలోనూ అదే జరుగుతోందని నేననడం లేదు. కానీ ప్రాక్టికల్స్‌పై నడిచే నర్సింగ్‌లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ర్యాంకు వరుసలో రోల్ నంబర్లిచ్చి, వాటి ప్రకారమే వార్డు బృందాలు వేస్తే ఎక్కడైనా రిజర్వేషన్ పిల్లలు ఒకచోట పోగవుతారు. చీటీలు తీసి బృందాలు వేయడానికి పైసా ఖర్చు లేదు.

భాష సంగతి మరొకటి. సిలబస్‌లో కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ ఉంది. తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి ఆ గంటలో తలవంచుకుంటుంది. అదే అమ్మాయి వార్డులో, మందు కొట్టి వచ్చిన కూలీ ‘కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, కడుపులో తిప్పుతోంది’ అనగానే ఏ పురుగుమందు కొట్టావని అడగగలదు. ఆ పూట కేసు చరిత్ర ఆమె చేత రాయించి, మిగతావారిని పక్కన నిలబెట్టి విననివ్వాలి. దానికి మార్కులూ వేయాలి.