వితండవాదం

అసెంబ్లీలో మాటామాటా పెరిగినా, టీవీ చర్చ దారితప్పినా మర్నాటి వార్తల్లో ఈ మాట కనిపిస్తుంది. అసలు విషయం వదిలేసి కోడిగుడ్డు మీద ఈకలు పీకడాన్ని ఇప్పుడు వితండవాదం అంటున్నాం. పుట్టినప్పుడు దీని అర్థం వేరు.

సంస్కృతంలో ‘వితండ’కు మూలమైన ‘తండ్’ ధాతువుకు కొట్టడం అని అర్థం. గౌతముడి తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలు చేశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను ఖండించడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. వైద్యుల చర్చల గురించి చెబుతూ చరకసంహిత కూడా ఈ పేరే వాడింది.

మాటను పట్టుకుని మెలిపెట్టే ఎత్తుకు న్యాయసూత్రాల్లో ‘ఛలం’ అని పేరు. ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో దానికి చక్కని ఉదాహరణ ఉంది. కొత్త కంబళి కప్పుకున్న కుర్రాణ్ని చూపి ఒకరు ‘ఇతడు నవకంబలుడు’ అంటారు. వెంటనే రెండోవాడు అడ్డుతగులుతాడు: ‘తొమ్మిది కంబళ్లెక్కడున్నాయి? ఉన్నది ఒక్కటేగా!’ నవ అంటే కొత్త, తొమ్మిది కూడా. ఈ శ్లేష తెలుగులోనూ అలాగే పండుతుంది.

అయితే న్యాయసూత్రాలు వితండను పూర్తిగా తోసిపుచ్చలేదు. మొలకను పశువుల నుంచి కాపాడటానికి చుట్టూ ముళ్లకంప వేసినట్టు, తత్త్వనిశ్చయాన్ని కాపాడుకోవడానికి జల్ప వితండలు పనికొస్తాయన్నాయి. ఎంత గొప్ప పోలిక! నేటి చర్చల్లో మాత్రం కంప మిగిలింది, మొలక కనిపించడం లేదు.