చక్కెర దోచే తెగులు, తలుపు తీయని వరి

పూలలో తేనె ఊరాలంటే కణంలోని చక్కెర బయటికి రావాలి. అందుకు తలుపుల్లా పనిచేసే ప్రోటీన్లను 2010లో వోల్ఫ్ ఫ్రోమర్ బృందం గుర్తించి ‘స్వీట్’ అని పేరు పెట్టింది. వాటిలో స్వీట్9 లేకపోతే ఆవ జాతి, పొగాకు జాతి మొక్కల పూలలో తేనే ఊరదని 2014లో తేలింది.

మనుషుల్లో ఇలాంటి ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు ఒక్కటే. వరిలో 21 ఉన్నాయి. పరిణామక్రమంలో ఒక జన్యువుకు నకళ్లు పెరిగిన కొద్దీ పనులూ పంచుకున్నాయి: ఒకటి పుప్పొడికి, ఇంకొకటి గింజకు చక్కెర అందిస్తుంది. మొక్కజొన్నలో గింజ నిండేందుకు తోడ్పడే స్వీట్4సీని తొలి రైతులు తెలియకుండానే ఏరి పెంచుకున్నారని 2015లో ఒక పరిశోధన చూపింది.

ఇదే జన్యువుల కుటుంబాన్ని వరికి వచ్చే బాక్టీరియా ఎండాకు తెగులు వాడుకుంటుంది. తెగులు సోకిన వరి ఆకును అడ్డంగా కోసి గ్లాసు నీళ్లలో ముంచితే, కోసిన చోటు నుంచి పాలలాంటి ద్రవం సన్నని పాయగా దిగుతుంది. ఆ ద్రవం నిండా జాంథోమోనాస్ బాక్టీరియానే. అది తన ప్రోటీన్ ఒకదాన్ని వరి కణంలోకి పంపి, స్వీట్11 జన్యువు ముందుండే నియంత్రణ భాగానికి అంటిస్తుంది. దాంతో ఆ జన్యువు అవసరం లేకపోయినా పనిచేస్తుంది. బయటికి కారిన చక్కెరతో బాక్టీరియా పెరుగుతుంది.

కొన్ని వరి రకాల్లో ఆ నియంత్రణ భాగం డీఎన్ఏ అక్షరక్రమం మారిపోయి ఉంటుంది. ఈ రూపాన్నే ‘ఎక్స్ఏ13’ అంటారు. బాక్టీరియా ప్రోటీన్‌కు అక్కడ పట్టు దొరకదు. జన్యువును పూర్తిగా తీసేస్తే గింజ సరిగా నిండకపోవచ్చు. ఇక్కడ మారింది నియంత్రణ భాగం మాత్రమే కాబట్టి పంటకు చేటు లేదు.

1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తినడానికి ఎంత బాగున్నా ఈ తెగులుకు లొంగిపోయేది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్ఏ13తో పాటు ఎక్స్ఏ5, ఎక్స్ఏ21 అనే మరో రెండు తెగులు నిరోధక జన్యువులను సంప్రదాయ సంకరణంతోనే అందులోకి తెచ్చాయి. ఏ మొక్కలో ఏ జన్యువు చేరిందో డీఎన్ఏ గుర్తులతో చూసి ఏరుకున్నారు. ‘మెరుగైన సాంబ మసూరి’ 2008లో విడుదలైంది.

మూడు జన్యువులు ఎందుకు? బాక్టీరియా కూడా మారుతుంది కాబట్టి. కొన్ని తెగలు స్వీట్11ను వదిలి స్వీట్14ను పట్టుకుంటాయి. వాటి ముందు ఎక్స్ఏ13 ఒక్కటే ఉంటే చాలదు.

మెరుగైన సాంబ మసూరి హైబ్రిడ్ కాదు, రైతు తన పంట నుంచే విత్తనం పెట్టుకోవచ్చు. కానీ ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పూర్తిగా పనిచేస్తాయి. మామూలు బీపీటీ గింజలు కలిసిపోయిన విత్తనంతో చేనులో ఆ రక్షణ పలచబడుతుంది. కాబట్టి పాత బీపీటీ పండిన కళ్లంలోనే దీన్ని నూర్చేవారు ముందు ఆ కళ్లాన్ని ఊడ్చి శుభ్రం చేసుకోవాలి.