పేగు గోడ దాటిన విషం

మధుమేహం అనగానే మన ఇళ్ళలో ముందుగా మిఠాయి డబ్బా దూరమవుతుంది. చాయ్‌లో చక్కెర తగ్గుతుంది. ఆ జాగ్రత్త అవసరమే. అయితే ఈ వ్యాధికి దారితీసే మార్గాలలో ఒకటి మన పేగుల గోడ వద్ద మొదలవుతుందని గత రెండు దశాబ్దాల పరిశోధనలు సూచిస్తున్నాయి. మన దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. కనుక ఈ మార్గం గురించి ప్రతి కుటుంబమూ తెలుసుకోవడం మంచిది.

క్రిమి దేహంలోనే విషం

1892 ప్రాంతంలో బెర్లిన్‌లో రిచర్డ్ ఫైఫర్ అనే శాస్త్రవేత్త కలరా క్రిములపై పరిశోధిస్తూ ఒక వింతను గమనించారు. వేడిచేసి చంపిన క్రిములు సైతం ప్రయోగ జంతువుల ప్రాణం తీస్తున్నాయి. విషం క్రిమి దేహంలోనే భాగమై ఉన్నదని గ్రహించి, ఆయన దానికి ఎండోటాక్సిన్, అంటే అంతర్విషం, అని పేరు పెట్టారు. కొన్ని జాతుల బాక్టీరియా పైపొరలో ఉండే లిపోపాలిశాకరైడ్ అనే పదార్థమే ఇది.

ఇటువంటి బాక్టీరియా ఆరోగ్యవంతుల పేగులలోనూ అపారంగా ఉంటాయి. పేగులో ఉన్నంతవరకు వాటి అంతర్విషం సాధారణంగా హాని చేయదు. దానికీ రక్తానికీ మధ్య ఒకే ఒక్క వరుస కణాల గోడ, ఆ గోడపై జిగురుపొర కాపలా ఉంటాయి. ఈ కాపలా సడలినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఆరని నిప్పు

అంతర్విషం రక్తంలో చేరితే రోగనిరోధక కణాలు దానిని వెంటనే పసిగడతాయి. పసిగట్టే ఆ గ్రాహకాన్ని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం గుర్తించింది. ఆయనకు 2011లో నోబెల్ బహుమతి లభించింది. విషం ఒక్కసారిగా పెద్ద మోతాదులో చేరితే ప్రాణాపాయమే. కొద్దికొద్దిగా, నెలల తరబడి చేరితే మాత్రం జ్వరమూ నొప్పీ తెలియవు. లోలోపల సన్నని శోథ, అంటే ఇన్‌ఫ్లమేషన్, రగులుతూనే ఉంటుంది. అప్పుడు వెలువడే రసాయనాలు కాలేయం, కండరాలు, కొవ్వు కణాలలో ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. ఫలితంగా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. పేగుల నుండి వచ్చే రక్తం ముందుగా కాలేయానికే చేరుతుంది కాబట్టి, కాలేయంలో కొవ్వు పేరుకోవడానికీ ఈ శోథ తోడ్పడుతుంది.

2007లో ఫ్రాన్సులోని టులూజ్ శాస్త్రవేత్తలు ఈ సంబంధాన్ని ఎలుకలలో చూపారు. నాలుగు వారాలు అధిక కొవ్వు ఆహారం పెట్టగా వాటి రక్తంలో అంతర్విషం రెండు మూడు రెట్లు పెరిగింది. మామూలు ఆహారం తినే ఎలుకలకు అంతే స్థాయిలో విషాన్ని ఎక్కించినా, వాటి బరువూ రక్తంలో చక్కెరా పెరిగాయి. మనుషులలోనూ కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం తరువాత, కొవ్వును మోసే కణికలతో పాటు కొంత అంతర్విషం రక్తంలోకి వెళుతుంది. అయితే మనుషులలో ఇదే మూలకారణమని ఇంకా రుజువు కాలేదు. వంశపారంపర్యం, అధిక బరువు, వ్యాయామలేమి, నిద్రలేమి కూడా ఇందులో భాగస్వాములే.

పళ్ళెంలో లోపించినది

పేగు గోడను కాపాడేది పీచుపదార్థం. మనకు జీర్ణం కాని పీచును మేలు చేసే బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు అదే ముఖ్యాహారం. పీచు అందకపోతే కొన్ని బాక్టీరియా జిగురుపొరనే తినివేస్తాయని ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో తేలింది.

మన దావత్ పళ్ళెం గమనించండి. బిర్యానీ, ఖోర్మా, డబుల్ కా మీఠా ఉంటాయి. ఆకుకూర కనబడదు. ఎప్పుడో ఒకనాటి దావత్‌తో భయం లేదు. వారంలో నాలుగు రోజులు అదే తీరైతే ఆలోచించాలి. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. అందుకు ఖరీదైనవేవీ అక్కరలేదు. సొరకాయ, శనగపప్పు వేసిన దాల్చా మన వంటే. గోంగూర, తోటకూర, జొన్నరొట్టె, ఉడికించిన శనగలు ప్రతి బజారులోనూ దొరుకుతాయి. ఇఫ్తార్‌లో సమోసాల స్థానంలో శనగలు, పండ్లు ఎక్కువగా ఉంచవచ్చు.

కొన్ని జాగ్రత్తలు

పేగులను శుభ్రపరచి విషాలను వెళ్ళగొడతామని అమ్మే చూర్ణాలకు డబ్బు పోయకండి. వైద్యుడు రాయని యాంటీబయాటిక్‌లు వాడకండి. అవి మేలు చేసే బాక్టీరియాను సైతం చంపుతాయి. పీచును ఒక్కసారిగా కాక క్రమంగా పెంచి, తగినంత నీరు త్రాగండి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఆహారం మార్చే ముందు వైద్యుని సలహా తీసుకోవాలి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు ఆహారం మారింది కదా అని వాటిని తామే మానరాదు.

చాలా ఇళ్ళలో చక్కెర వ్యాధి వచ్చిన ఒక్కరికే వేరుగా కూర వండి పెడతారు. ఆ కూర పిల్లలకూ అవసరమే. వ్యాధి రాకముందే పేగు గోడను కాపాడుకోవలసినవారు వారే కనుక, రేపటి నుండి ఆ గిన్నెను కొంచెం పెద్దది చేసి దస్తర్‌ఖాన్ మధ్యలో ఉంచండి.